కలిపి పెట్టిన అన్నం

ఆ సంవత్సరం మా తమ్ముడు శాంసన్ నలభై రోజుల ఉపవాసం పట్టింది దేవుడికి కృతజ్ఞత చెప్పుకోవడానికి. ఏ మందూ మాకూ లేకుండానే దేవుడు తనని బాగుచేశాడని వాడి నమ్మకం. వాడు రెండు పూటలా తినే అన్నంలో మందు కలుపుతున్నది మా అమ్మ. ఆ మందు తెచ్చిచ్చింది నేను. ఆ వేసవి మా ఇంట్లో జరిగినదంతా ఈ నాలుగు ముక్కల్లోనే ఉంది గానీ, నాలుగు ముక్కలు చెప్పి చేతులు దులుపుకోవడానికి నాకు మనసొప్పడం లేదు.

నేను ఆళ్లగడ్డలో ఒక ఆసుపత్రిలో నర్సుని. నెలలో రెండో గురువారం మా దగ్గరికి పిచ్చి డాక్టరమ్మ వచ్చేది. జనం అలాగే అనేవాళ్ళు, ఆవిడ ఎదురుగానే అనేవాళ్ళు, ఆవిడ నవ్వేది. పేరు సుష్మ. ఊరు నంద్యాల, ఉద్యోగం ఒక మెడికల్ కాలేజీలో. పల్లెలవైపు నెలకోసారి ఒక డాక్టరుని పంపాలి కాబట్టి ఆ కాలేజీవాళ్ళు ఈవిడని పంపేవాళ్ళు. కుక్కకాటు సూదులు వేసే గది పక్క గది మాకిచ్చారు. ఒక బల్ల, మూడు కుర్చీలు, తిరిగినప్పుడు తిరిగే ఫ్యాను. చాగలమర్రి నుంచి, రుద్రవరం నుంచి, శిరివెళ్ల నుంచి తెల్లవారకముందే బయలుదేరి వచ్చేవాళ్ళు.

ఆవిడ పద్ధతి వేరు. రోగాన్ని అడగకముందు ఇంటిని అడిగేది. ఎవరు వండుతారు, ఎవరి పక్కన కూర్చుని తింటాడు, పనికి వేళైతే ఎవరు పిలుస్తారు, ఎవరు పిలిస్తే పలుకుతాడు. ఇదంతా చీటీలో రాసుకునేది. ఈ వంటింటి కబుర్లకీ రోగానికీ ఏం సంబంధమని మొదట్లో నాకు నవ్వొచ్చేది. ఏడాది తిరిగేసరికి తాళ్ళతో కట్టి తెచ్చినవాళ్ళు తమంతట తామే బస్సు దిగి వస్తుంటే నవ్వడం మానుకున్నాను. శాంసన్ కూడా వచ్చేవాడు. మందు కోసం కాదు, ఆవిడతో మాట్లాడటానికి. "నాకు మందులేం లేవు మేడం, ప్రార్థనే" అని గర్వంగా చెప్పేవాడు.

ఫిబ్రవరిలో ఒక గురువారం, జనం పలచబడ్డాక, నేను ఉండబట్టలేక చెప్పేశాను.

"మేడం, మా తమ్మునికి మొదట్లో మీరు రాసిచ్చిన చుక్కల మందు తెలీకుండా అన్నంలో కలిపి పెడతాండాం. వాడు చేతికిస్తే పారేస్తాడు. రెండేండ్లయింది."

ఆవిడ పెన్ను మూత పెట్టింది. "తెలుసు సిస్టర్. నాలుగు నెలల కిందటే అనుమానమొచ్చింది. మందు లేదంటాడు, నడక చూస్తే మందు కనపడతాంది."

"తిట్టండి మేడం."

"తిట్టి ఏం చేద్దాం? ఒకప్పుడు ఎనిమిది దినాలు మంచానికి కట్టేసినారు. ఇప్పుడు అన్నంలో కలుపుతాండారు. ముందుకే వచ్చినారు. ఇంకొక్క అడుగుంది. ఆయనకి చెప్పాల. మీరు చెప్పొద్దు, మీ అమ్మ అసలే చెప్పొద్దు. నేను చెప్తా. వచ్చే నెల మీ ఇంటికే భోజనానికి వస్తా. ఆ తర్వాత ఇంకోసారి వస్తా. ఒక్క దినంలో చెప్పే మాట కాదిది. తానే ఒప్పుకొని నెలకో సూది వేయించుకునే దాకా పోదాం."

"ఇట్ల ఇండ్ల చుట్టూ తిరిగితే మీ పెద్ద సారు ఏమనడా?"

"మా సారు లెక్కలో నేను సైకియాట్రిస్టునే కాదు సిస్టర్. వ్యాను డాక్టర్ని. వార్డు నడిపితే వైద్యమంట, పత్రికల్లో రాస్తే శాస్త్రమంట, నాది సేవంట. సేవ అన్నారంటే పక్కన పెట్టినట్టే." ఆవిడ నవ్వుతూనే అంది. నాకు మాత్రం ఆ నవ్వు నచ్చలేదు.

మార్చి మొదటి వారంలో శ్రమల దినాలు, ఈస్టర్‌కి ముందు వచ్చే నలభై ఉపవాస దినాలు, మొదలయ్యాయి. శాంసన్ బొమ్మలు చెక్కే షెడ్డులో పాలిష్ పట్టేవాడు. ఆళ్లగడ్డలో అలాంటి షెడ్లకేం కొదవ లేదు. వాడు నమ్ముకున్నది యేసుప్రభువుని, వాడి చేతికింద మెరిసేది వినాయకుడి బొజ్జ. మేస్త్రి వెంకటేష్‌కి వాడంటే ప్రాణం. రెండేళ్ళుగా ఒక్కరోజు నాగా లేదు. ఆ మంగళవారం సాయంత్రం రాతి దుమ్ము కడుక్కుని వచ్చి అమ్మ ముందు కూర్చున్నాడు.

"అమ్మా, రేపట్నుంచి నాకు వండొద్దు. నలభై దినాలు పట్టినా. పొద్దుమునిగినంక చర్చి కాడ గంజి పోస్తారు. ఉపవాసమున్నోళ్ళం అందరం ఆడనే తాగుతాం."

మా అమ్మ ఓబులమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "ఒక పూటన్నా ఇంట్లో తిను నాయనా. పోనీ మజ్జిగ తాగు."

"మొక్కుకున్నాక మజ్జిగేందమ్మా? కట్టేసినారు, సూదులేసినారు, బాగు కాలేదు. ఏ మందూ లేకండా ఆయన బాగుచేసినాడు. ఆయన కోసం నలభై దినాలు కడుపు మాడ్చుకోలేనా?"

అమ్మ నా వైపు చూసింది. నేను గోడవైపు చూశాను. ఏం చెప్తాం? తిను అంటే ఎందుకో చెప్పాలి. ఎందుకో చెబితే రెండేళ్ళ మోసం చెప్పాలి. రెండో గురువారం ఇంకా తొమ్మిది రోజులుంది. మేడం వస్తుంది కదా అని అమ్మకి ధైర్యం చెప్పాను. నిజం చెప్పాలంటే నాకు నేను చెప్పుకున్నాను.

ఆ గురువారం అరవైమందికి పైగా వచ్చారు. తొమ్మిదైంది, పదకొండైంది. వరండాలో ఎండ కాళ్ళమీదికి పాకింది. నేను ఫోన్ చేస్తే నాలుగోసారికి ఎత్తింది.

"సిస్టర్, కాలేజీలో తనిఖీ. డాక్టర్లు ఎంతమంది ఉన్నారో తలలు లెక్కపెడతారంట. నేను బయట ఉంటే లెక్క తగ్గుతాదని గేటు దాటనియ్యలేదు. పొద్దున్నుంచి ఒక గదిలో కూర్చోబెట్టినారు, ముప్ఫై మందిమి."

"ఒక్క రోగి లేకండానా?"

"ఒక్కరు లేరు."

శాంసన్ సంగతి చెప్పాను. ఆవిడ గొంతు మారింది. "ఎన్ని దినాలైంది మందు ఆగి?"

"తొమ్మిది."

"ఎవరూ ఏం చెప్పొద్దు. శనివారం నేనే వస్తా."

శనివారం రాలేదు. తనిఖీ ఇంకో వారం పొడిగించారని మెసేజ్ పెట్టింది. ఆ గురువారం బయటున్న అరవైమందినీ నేనే పంపించాను. రుద్రవరం నుంచి కూతుర్ని తెచ్చిన కొండమ్మ అనే ముసలామె మాత్రం కదల్లేదు. "యాడికి పోవాలమ్మా, మళ్ళా తోలుకొని వస్తే వస్తాదో రాదో" అని సాయంత్రం దాకా ఆ గది ముందే కూర్చుంది. ఆమెకి నీళ్ళిచ్చాను. అంతకు మించి నా దగ్గర ఏమీ లేదు.

మూడో వారానికి శాంసన్ మాటలో తేడా మొదలైంది. నిద్ర తగ్గింది. రాళ్ళు వేడెక్కి మూలుగుతున్నాయని మేస్త్రితో అన్నాడట. డాక్టరమ్మ రాలేదు, నర్సు కూతురు ఏమీ చేయలేకపోయింది. ఇక అమ్మకి తెలిసిన దారి ఒక్కటే మిగిలింది.

మా చర్చిలో శుక్రవారం ఉపవాస కూటంలో ఒక బుట్ట తిప్పుతారు. ఎవరి కష్టం వాళ్ళు చీటీ మీద రాసి అందులో వేస్తారు. పేర్లు రాయరు. పాస్టరయ్యగారు ఒక్కొక్కటే చదువుతారు, అందరూ దానికోసం ప్రార్థిస్తారు. అమ్మకి చదువు రాదు. పక్కింటి జెస్సికాతో రాయించిందట. పేరు చదవరు కదా, దేవుడికి మాత్రం తెలుస్తుంది కదా అనుకుంది. నాకు చెప్పి ఉంటే ఆ చీటీ నమిలి మింగేదాన్ని.

ఆ శుక్రవారం ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చుని ఉన్నాను. అబ్రహాము అయ్యగారు కళ్ళజోడు సర్దుకుని చదువుతున్నారు. పాములపాడులో ఒక సహోదరుని బోరులో నీళ్ళు పడాలి. ఒక బిడ్డ పదో తరగతి పరీక్షలు రాస్తోంది. వెలుగోడులో ఒక కుటుంబానికి సంతానం లేదు. నాలుగో చీటీ విప్పారు.

"ఒక తల్లి విన్నపం. తన కుమారునికి అన్నంలో కలిపి ఇచ్చే మతి మందు, నలభై దినాల ఉపవాసం వలన ఆగిపోయింది. కుమారునికి తెలియకుండా దేవుడు ఏదైనా దారి చూపాలి. ప్రార్థన చేద్దాం."

నలభై దినాలు పట్టినవాళ్ళు పదకొండు మంది ముందు వరసలో కూర్చున్నారు. వాళ్ళలో తల్లి చేతి అన్నం తినేవాడు మా వాడొక్కడే, మిగతావాళ్ళంతా పెళ్ళాం పిల్లలున్నవాళ్ళు. అయ్యగారికి ఆ ఆలోచన తట్టినట్టు లేదు. మంచి మనిషి, కళ్ళు మూసుకుని చాలాసేపు ప్రార్థించారు. చివర అందరూ ఆమేన్ అన్నారు. శాంసన్ కూడా అన్నాడు. ఆ గొంతు నేను విన్నాను.

ముగ్గురం ఇంటికి వచ్చాం. గడప దగ్గర చెప్పులు విడుస్తూ శాంసన్ అడిగాడు.

"ఎప్పట్నుంచక్కా?"

"రెండేండ్ల నుంచి."

"నేను బాగైన కాడ్నుంచి."

"ఊ."

"అయితే ఆయన బాగుచెయ్యలేదు" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేను తట్టుకునేదాన్ని. "మరి ఎవరికి పట్టినా నేను ఈ ఉపవాసం?"

మర్నాటి నుంచి చర్చికి పోలేదు. ఇంట్లోనూ తినలేదు. బస్టాండులో అరటిపళ్ళు కొని తానే వొలుచుకునేవాడు. ఉడకబెట్టిన కోడిగుడ్డు పెంకుతో సహా తెమ్మని, పెంకు మీద పగులుందేమో వెలుతురుకి పెట్టి చూసి తినేవాడు. ఎవరూ ఏదీ కలపలేని తిండి ఈ లోకంలో అంతే ఉంది. వారం తిరక్కుండా మేస్త్రి వెంకటేష్ వాడిని వెంటబెట్టుకుని వచ్చి దింపాడు.

"అక్కా, తప్పుగా అనుకోవద్దు. బొమ్మ కండ్లు తన్నే చూస్తాండాయంటాడు. ఇట్లాంటోని చేతికి మిషనియ్యలేను, వేళ్ళు తెగుతాయి. బాగైనంక పంపు. వాని జాగా వానిదే."

ఏప్రిల్ రెండో గురువారం కొత్త డాక్టరు వచ్చాడు. అజయ్ కుమార్ అని, పాతికేళ్ళ పిల్లవాడు. మర్యాదస్తుడే. గంటన్నరలో అందరినీ చూసేశాడు. పాత చీటీ తెరవడం, కింద 'అదే మందు' అని రాయడం, సంతకం. ఎవరు వండుతారని ఎవరినీ అడగలేదు. శాంసన్ గురించి చెబితే, "పేషెంటు రాలేదా? మందు రాసిస్తా సిస్టర్, తీసుకోకపోతే పెద్దాసుపత్రికి పంపండి" అన్నాడు. సుష్మ మేడం ఇంక రాదా అని అడిగితే తలొంచుకుని, "ఈ డ్యూటీకి జూనియర్లు చాలన్నారు మా హెడ్" అన్నాడు. తిట్టడానికి కూడా ఎవరూ దొరకలేదు నాకు.

ఆదివారం పొద్దున్నే నంద్యాల బస్సెక్కాను. మేడం వాళ్ళది కిందంతా కిరాణా కొట్టు, పైన ఇల్లు. వాళ్ళ నాన్న మాధవయ్య కొట్టులో కూర్చుని చింతపండు బుట్టలు సర్దిస్తున్నాడు. నేనెవరో చెప్పగానే పైకి కేకేసి, స్టూలు జరిపాడు.

"ఆళ్లగడ్డ నుంచి వచ్చినావామ్మా? మా బిడ్డ ఆ గురువారం కోసం నెలంతా మాట్లాడేది. ఇప్పుడు ఆ మాటే ఎత్తదు. ఇంత చదివి ఊర్లెంబడి తిరిగేదేందని మొదట్లో నేనే కసురుకున్నా. ఇప్పుడు కసిరే పని లేదు, కూర్చోబెట్టినారు."

మేడం కిందికి వచ్చింది. అంతా విని, "వార్డుకి తోలుకొని రండి సిస్టర్, నేను దగ్గరుండి చూస్తా" అంది.

"వచ్చేవాడైతే నేనెందుకు వస్తా మేడం?"

ఆవిడ ఒక్క నిమిషం ఆలోచించి చెప్పులేసుకుంది. ఇద్దరం మళ్ళీ బస్సెక్కాం. సెలవు దినమైతే గేటు అడ్డం లేదు కదా అంది. దారిలో ఆవిడ మాట్లాడింది తక్కువ. "మా సారుతో వాదించినా సిస్టర్. మన దగ్గరికి వచ్చే రోగి వేరు, రానోడు వేరు, రానోని కాడికి పోయేది కూడా మన విద్యలో ఉందని చెప్పినా. బాగా మాట్లాడినావన్నారు. డ్యూటీ చార్టు మాత్రం మార్చలేదు." అంతే.

శాంసన్ ఇంటి వెనక నీడలో కూర్చున్నాడు. ఆవిడ కింద మట్టిలోనే, వాడికి కాస్త దూరంగా కూర్చుంది. వాడి మొహంలో వెలుగు వచ్చింది. నాకు ప్రాణం లేచివచ్చింది.

"మేడం, మీకొకటి చెప్పాల" అన్నాడు. "నాకు అన్నంలో మందు కలిపినారు."

"తెలుసు శాంసన్."

"ఈ అక్క చెప్పిందా?"

"అక్క చెప్పకముందే తెలుసు."

"ఎన్ని నెలల నుంచి?"

ఆవిడ అబద్ధం చెప్పి ఉండవచ్చు. ఇప్పుడే తెలిసిందని ఒక్క మాట అంటే వాడు నమ్మేవాడు. ఆవిడ చెప్పలేదు. "ఆరు నెలలు. నేనే నీకు చెప్పాలనుకున్నా. మెల్లగా చెప్దామని ఆగినా. తప్పే, ఆగకుండా ఉండాల్సింది."

శాంసన్ లేచి నిలబడ్డాడు. "మీరు డాక్టరమ్మనుకున్నా. మీరూ వంటింట్లోవాళ్ళే" అని వీధిలోకి నడిచిపోయాడు. ఆవిడ మట్టిలో అలాగే కూర్చుంది. సాయంత్రం దాకా చూసింది, వాడు రాలేదు. సోమవారం పొద్దున్న ఎనిమిదికి ఆవిడ కాలేజీలో హాజరు మిషన్ ముందు మొహం చూపించాలి. బస్సెక్కేముందు ఒకసారి నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ మీద నాకు కోపం వచ్చింది, ఆవిడని చూస్తే ఏడుపూ వచ్చింది.

ఈస్టర్ వెళ్ళాక ఒక విచిత్రం జరిగింది. శాంసన్ మధ్యాహ్నం పూట ఇంట్లో తినడం మొదలుపెట్టాడు. వారం పది రోజుల్లో నిద్ర కుదిరింది. మొహం తేటపడింది. దేవుడు నిజంగానే విన్నాడేమోనని నేను కూడా అనుకున్నాను. మధ్యాహ్నాలు నేను డ్యూటీలో ఉంటాను. రాత్రి తింటావా అంటే వాడు ఆకల్లేదనేవాడు. అమ్మకీ వాడికీ మధ్య ఏం ఒప్పందం కుదిరిందో నేను అడగలేదు. బాగుపడుతుంటే ఎవరు అడుగుతారు?

మే నెల మొదటి ఆదివారం ఇంట్లో ఉన్నాను. అమ్మ సంగటి గెలుకుతోంది. తెడ్డు పట్టుకున్న చెయ్యి వణుకుతోంది.

"ఏందమ్మా ఆ చెయ్యి?"

"వయసు."

నీళ్ళకని లేచి నడిచింది. అడుగులు చిన్నగా, నేలకి రాసుకుంటూ పడుతున్నాయి. మొహంలో ఏ కదలికా లేదు. దగ్గరికి పోయి ఆమె మోచేయి పట్టుకుని మెల్లగా వంచాను. వంగలేదు. ఆగి ఆగి, మెట్లు దిగినట్టు వంగింది. ఆ చుక్కల మందు ఎక్కువైన ఒంట్లో చెయ్యి అలాగే వంగుతుంది. పదేళ్ళుగా ఎంతమంది చేతులు వంచి చూశానో. అటక మీది సీసా తీశాను. నెల రావలసిన మందు పదిహేను రోజులకే అడుగంటింది.

"నువ్వు తాగుతాండావా?"

"నేనెందుకు తాగుతా?" అమ్మ అక్కడే పీట మీద కూర్చుంది. "వాడు పళ్ళెంలో వేలితో గీత గీస్తాడు. ఇటు సగం నువ్వు తినమ్మా అంటాడు. నేను తిన్నంక పావుగంట నన్నే చూస్తాడు. నాకేం కాలేదంటే వాడు తింటాడు. సగమే కదా వాని కడుపులోకి పోయేది. అందుకని రెండంతలు పోస్తాండా."

"అమ్మా, అరవై రెండేండ్లు నీకు."

"నిన్న మేస్త్రి కాడికి పోయొస్తా అన్నాడు నిర్మలా." ఆమె సంతోషంగానే అంది. ఆ సంతోషం మొహం మీదికి రాలేకపోయింది.

మేడంకి ఫోన్ చేశాను. "వెంటనే ఆపించండి సిస్టర్" అంది. "ఆపితే వాడెట్ల మేడం?" అన్నాను. ఫోన్ నేనే పెట్టేశాను.

పన్నెండున్నరకి శాంసన్ కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చాడు. అమ్మని మంచం మీద పడుకోబెట్టాను. సంగటి ముద్ద, పప్పు నేనే వడ్డించాను. పళ్ళెం ముందు కూర్చుని వాడు అమ్మ కోసం చూశాడు.

"అమ్మకు పానం బాగాలేదు" అన్నాను. "ఈ పొద్దు నుంచి నేను తింటా."

వాడు నా మొహంలోకి చూశాడు. చిన్నప్పుడు నా వెనకే బడికి వచ్చిన పిల్లవాడి చూపే అది, నమ్మాలని చూసే చూపు. మెల్లగా పళ్ళెం మధ్యలో గీత గీసి, నాకేసి తిప్పాడు.

చుక్కలు నేనే పోశాను. రెండంతలు పోశాను.

నా సగం తినేశాను. ఉప్పు తక్కువైంది అన్నాను. శాంసన్ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని పావుగంట నన్నే చూస్తూ కూర్చున్నాడు. నేను కూడా కదలకుండా కూర్చున్నాను. ఆ తర్వాత వాడు తిన్నాడు.